మాయాశశిరేఖ

హాస్యరసమునకు భయానకమును కరుణమును విరోధులని మన అలంకారశాస్త్రము చెప్పుచున్నది. భయపడువాడు నవ్వలేడు, ఏడ్చువాడును నవ్వలేడు. కావున ఈ మూడింటిని ఒకచోట చేర్పరాదని పెద్దల మతము. శాస్త్రమును కాదనుటకు నేనెంతటిదానను? అయినను మన తెలుగునాట ఈ మూడు రసములను ఒక్క పందిటిలో కూర్చుండబెట్టి, ఒకే విస్తరిలో వడ్డించిన కథ యొకటి కలదు. అదియే మాయాబజారు. అందు రాక్షసులున్నారు, మాయలున్నవి, మంచము గాలిలో నెగిరిపోవును. పిల్లలు తల్లుల కొంగు పట్టుకొనవలసిన కథ. కాని చూచువారందఱు కడుపుబ్బ నవ్వుచునే యుందురు. పాటలకు కొదువయే లేదు. ఇన్ని తరములుగా ఈ కథ మన యిండ్లలో నిలిచియుండుటకు కారణమేమి? ఆ నవ్వు క్రింద దాగియున్న భయమేది? నేను చాలకాలముగా తలపోయుచున్న విషయమిది.

మొదట ఒక సంగతి చెప్పవలెను. శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు. అందు అభిమన్యునకు భార్య ఉత్తర యొక్కతెయే. బలరామునకు శశిరేఖ యను కూతురుండెననియు, ఆమెను మేనత్తకొడుకగు అభిమన్యునకిత్తునని అతడు సుభద్రకు మాటయిచ్చెననియు, పాండవులు జూదములో సర్వస్వమును పోగొట్టుకొనగానే ఆ మాట తప్పి దుర్యోధనుని కొడుకగు లక్ష్మణకుమారునకీయ నిశ్చయించెననియు, అప్పుడు హిడింబ కొడుకగు ఘటోత్కచుడు వచ్చి కార్యము చక్కబెట్టెననియు చెప్పునది జనులు తమంతట తామల్లుకొన్న కథ. తమిళులును మహారాష్ట్రులును ఈ పిల్లను వత్సల యందురు. కన్నడిగుల యక్షగానములో ఈమె కనకాంగి. మహారాష్ట్రమున బాబూరావు పెయింటరు 1921లోనే దీనిని 'సురేఖాహరణ్' అను మూకీచిత్రముగా తీసెను. ఋషి వ్రాయని కథను ఇన్ని భాషలవారు కల్పించుకొనిరనిన, అందు జనులకు కావలసినదేదో ఉండవలెను గదా!

మన దేశమున ఈ కథకు నిలువనీడ యిచ్చినవారు సురభి నాటకసమాజమువారు. వారి పూర్వులు తోలుబొమ్మలాటవారు. 1885లో కడప ప్రాంతమందలి సురభి గ్రామమున ఒక పెండ్లి సందర్భమున వారు బొమ్మలను ప్రక్కనుంచి, తామే వేషములు ధరించి కీచకవధ నాటకమాడిరి. వనారస గోవిందరావుగారు ఆ సమాజమునకు మూలపురుషులు. పెండ్లిపందిటిలో పుట్టిన సమాజమునకు పెండ్లికథయగు మాయాబజారే మిక్కిలి పేరు తెచ్చుట చిత్రము. ఊరూరికి డేరాతో కుటుంబములు కుటుంబములుగా కదలిపోవుట, చంటిబిడ్డ మొదలు ముదుసలి వఱకు రంగమునకు పనికివచ్చుట వారి జీవనము. రేకందారు నాగేశ్వరరావుగారు, జనులు బాబ్జీగారని పిలిచినవారు, హైదరాబాదున శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపి 2013లో పద్మశ్రీ పొందిరి. 2022లో కాలధర్మము నొందిరి. వారి రంగముపై రాక్షసుడు ఆకాశమున తేలి వచ్చును, మంటలు లేచును, ఉన్నది మాయమగును. తీగెలు, తెరలు, దీపములు, కొలదిపాటి మందుగుండు, వీనికి తోడు మనుష్యుల చేతివాటము. అంతకుమించిన యంత్రమేమియు లేదు.

సురభివారిలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించెడివారు. తక్కిన సమాజములలో ఆ రోజులలో పురుషులే ఆడువేషము కట్టెడివారు. మన బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగముపైకి వచ్చినపుడు కులస్త్రీలు సయితము ఆ నడకను, ఆ చీరకట్టును చూచి నేర్చుకొనిరని మా యిండ్లలో పెద్దలు చెప్పుకొనెడివారు. తెనాలి శ్రీరామవిలాస సభ వారి నాటకములలో ఆయన కీర్తి గడించిరి. 1956లో పద్మశ్రీ పొందిరి. ఆడుది తన మాట తాను చెప్పుటకు వీలులేని కాలమున మగవాడు ఆడురూపు దాల్చి ఆమె మాట చెప్పెను. ఈ సంగతిని పాఠకురాండ్రు కొంచెము మనస్సున నుంచుకొనవలెనని నా ప్రార్థన. ముందు దీనితో పనిబడును.

ఇక వెండితెర. 1936లో పి. వి. దాసుగారి దర్శకత్వమున 'శశిరేఖాపరిణయము' వెలువడెను. శాంతకుమారిగారు శశిరేఖ పాత్రతోనే చలనచిత్రములలో అడుగిడిరి. పిమ్మట 1957 మార్చి 27న విజయావారి 'మాయాబజార్' వచ్చెను. దర్శకులు కె. వి. రెడ్డిగారు, మాటలును పాటలును పింగళి నాగేంద్రరావుగారివి, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లే. చిత్రము మద్రాసులో తయారైనను అందు మన గుంటూరుసీమ పాలు తక్కువ కాదు. నిర్మాతలలో నొకరగు చక్రపాణిగారిది తెనాలి. కళాదర్శకులలో నొకరగు మాధవపెద్ది గోఖలేగారును, ఘటోత్కచుడు పెండ్లివంటలను చూచి పాడు పాటకు గొంతునిచ్చిన మాధవపెద్ది సత్యముగారును పొన్నూరు చెంతనున్న బ్రాహ్మణకోడూరివారు. బలరాముడుగా నటించిన గుమ్మడిగారిది తెనాలి దగ్గఱి రావికంపాడు. శశిరేఖగా నటించిన సావిత్రిగారు కృష్ణయొడ్డున నున్న చిఱ్ఱావూరి ఆడపడుచు. కౌరవుల విందుకు గోంగూర తప్పక యుండవలెనని పురోహితులు పట్టుపట్టుటలో మనసీమ రుచి చిత్రములోనికి నడచివచ్చినది. మిరపకాయను పోర్చుగీసువారు ఈ దేశమునకు తెచ్చిరి గనుక ద్వాపరయుగపు గోంగూరలో కారమెట్లు వచ్చెనని ఎవ్వరును అడుగలేదు! 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. అప్పటికి పుట్టనివారి తాతలు చూచిన చిత్రమునకు మనుమలును బారులు తీరిరి.

భయమును, నవ్వును, పాటను ముడివేసిన కథలు ఇతరదేశములందును కలవు. లండనునగరమున 1973లో రిచర్డ్ ఓబ్రయిను రచించిన 'రాకీ హారర్ షో' అను సంగీతనాటకము ప్రదర్శింపబడి, 1975లో చలనచిత్రమైనది. పెండ్లి నిశ్చయమైన యొక జంట వానలో దారి నడుమ నిలిచిపోయి ఒక వింతకోటలో ప్రవేశించును. ఆ కోట యజమాని స్త్రీల యుడుపులు ధరించు పురుషుడు, మానవుని తయారుచేయు మాయావి. మొదట ఆ చిత్రమును చూచువారే కఱవైరి. కాని 1976 నుండి న్యూయార్కులో అర్ధరాత్రి ఆటగా వేయగా, జనులు ఆ పాత్రల వేషములు వేసికొని వచ్చి, తెరమీది మాటలకు బదులు మాటలు కేకవేయుట ఆచారమైపోయినది. ఆ వార్త చదివినపుడు నాకు నవ్వు వచ్చినది. మన డేరాలలో చాపలపై కూర్చున్న అవ్వలు ఎన్నడో చేసిన పనియే కదా యిది! శకుని నోరు తెఱవకముందే అతని మాటను వారు చెప్పివైచెడివారు; ఘటోత్కచునితో పాటు తామును నవ్వెడివారు. అచ్చట అది ఇల్లు విడిచి వచ్చిన యువజనుల రాత్రివేడుక. ఇచ్చట మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొన్న అవ్వ చూచు వేడుక. భేదమంతియే. రెండు కథలందును పెండ్లి కుదిరిన జంటయే కలదు. ఆడురూపు దాల్చిన మగవాడే కలడు. ఇది కాకతాళీయము కాదని నాకు తోచుచున్నది.

ఏలయన మాయాబజారులో నిజమగు భయము రాక్షసుని కోఱలలో లేదు. ఘటోత్కచుడు కోఱలు చూపిన కొంతసేపటికే సుభద్రను పినతల్లియని యెఱిగి పాదములంటును. అతని తల్లి హిడింబ అతిథులను ఆదరించును. అడవిలో రాక్షసి చుట్టఱికము పాటించుచుండగా, ద్వారకలో బంగారుమేడలోని అన్నగారు చెల్లెలి మొగము చూడ జంకును. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, భర్త బీదవాడైనాడను కారణమున, ఇచ్చిన మాట వెనుకకు తీసికొనబడి, కొడుకును వెంటబెట్టుకొని గడపదాటి పోవును. ఈ ఘట్టము వచ్చినపుడు డేరాలో ఆడువారి వైపు నుండి ముక్కు చీదు సవ్వడి వినవచ్చును. అది నేను చిన్నతనమున విన్నదే. వారు భయపడునది దీనికి. రాక్షసుని ఎవ్వరును చూడలేదు. ఈ బలరాముని మాత్రము ప్రతి యింటను చూచియున్నారు.

మాది చిలకలూరిపేటకును పర్చూరునకును నడుమనున్న నల్లరేగడి పల్లె. ప్రత్తియు, మిరపయు, పొగాకును మా బ్రదుకు. మా తల్లికి కడపటి చెల్లెలు, మా పిన్ని, తొట్టెలో నున్నప్పుడే మా తాతగారి చెల్లెలి కొడుకునకు మాటయైనది. 1987లో గుంటూరు, ప్రకాశం మండలముల ప్రత్తిచేలపై తెల్లదోమ విరుచుకొని పడినది. ఎన్ని మందులు చల్లినను అది చావలేదు. మందుల యప్పు మాత్రము పెరిగినది. ఆకు నల్లబడి, కాయ గిడసబారి, కౌలు చెల్లింపలేక ఎందఱో కుదేలైరి. చేనికని కొన్న మందునే త్రాగి ప్రాణములు తీసికొన్న రైతులును ఉండిరి. ఆ బావగారి యింటివారు కౌలుకు తీసికొన్న భూమితో సహా అంతయు ప్రత్తియే వేసిరి. సంక్రాంతినాటికి వారి యింట గింజ లేదు. మా అమ్మమ్మ ఒకనాడు వంటయింటిలో నిలిచి, "మాట ఇచ్చింది ఆ ఇంటికి గాని, ఆ ఇంటి అప్పులకు కాదు" అనెను. తాతగారు వసారాలో చుట్ట కాల్చుకొనుచు కూర్చుండిరి గాని బదులాడలేదు. మాఘమాసములో పట్టణమునుండి కలిగినవారి సంబంధము వచ్చినది, తాంబూలములు పుచ్చుకొనిరి.

ఆ సంవత్సరము శివరాత్రికి మేమందఱము కోటప్పకొండ తిరునాళ్ళకు పోయితిమి. పంట పోయిన యేడయినను ప్రభలు కట్టుట మానలేదు. రాత్రి జాగారమునకు సురభి బాణీలో నాడు నొక సమాజమువారు మాయాబజారు వేసిరి. నాకప్పుడు పదియేండ్లు. చాపపై పిన్ని ప్రక్కన కూర్చుంటిని. ఘటోత్కచుడు శశిరేఖ రూపుదాల్చి పెండ్లిపీటలపై కూర్చుండి, లక్ష్మణకుమారుని కాలు నలిగిపోవునట్లు త్రొక్కెను. వాడు కుయ్యోమనగా ఆడువారందఱు గొల్లుమనిరి. పిన్ని నవ్విన నవ్వు నేనదివఱకు విని యెఱుగను. మా అమ్మ ఆమె వీపుపై తట్టి, "చాలే, పొలమారుతుంది" అనెను. తిరిగివచ్చునపుడు ట్రాక్టరు తొట్టెలో ఆమె ఒక్కమాటయు పలుకలేదు. వేసవిలో పెండ్లి జరిగిపోయినది.

చాలయేండ్ల పిమ్మట ఒకనాడు పెరటిలో మిరపకాయలు ఆరబోసి, తాలుకాయలేరుచు కూర్చున్నప్పుడు టెలివిజనులో ఆ చిత్రమే వచ్చుచుండెను. పాట మా చెవిని పడుచుండెను. పిన్ని తలయెత్తకయే ఇట్లనెను: "మన ఇంటికి ఘటోత్కచుడు రాలేదే, అమ్మాయీ. అయినా వచ్చి ఏం చేస్తాడు? శశిరేఖనైనా ఎవరు అడిగారు చూడు. బలరాముడూ అడగలేదు, కృష్ణుడూ అడగలేదు. పిల్ల నిద్రపోతుంటే మంచంతో సహా ఎత్తుకుపోయారు."

ఆ మాట నన్ను పట్టుకొన్నది. నిజమే కదా! ఆమె మనసు ప్రేక్షకులకు తెలియును. చిత్రములో ప్రియదర్శిని యను పెట్టె తెఱచినపుడు ఆమెకు అభిమన్యుడు కనబడును. పెట్టెకు తెలిసిన మాట కన్నవారు అడిగి తెలిసికొనలేదు. ఆమె హితమును కోరి చేసిన కార్యమును ఆమె నిద్రలో నుండగనే జరిగినది. పెండ్లియింట నిలిచి ఎదురాడినది ఆమె కాదు. ఆమె రూపుదాల్చిన రాక్షసుడు. ఆ మాయాశశిరేఖ వరుని కసరును, కాలు త్రొక్కును, భయపెట్టి మూర్ఛిల్లజేయును. ఇవన్నియు ఇష్టములేని పెండ్లికి కూర్చున్న పిల్ల మనసులో మెదలునవే. కాని పిల్ల చేసినచో గయ్యాళియందురు, కులమునకు మచ్చయందురు. రాక్షసుడు చేసినచో నవ్వుదురు. మన సమాజమున పెండ్లికూతురు నోరు తెఱచుటకు ఆమె రూపమున రాక్షసుడే కూర్చుండవలసివచ్చెను. ఆడువేషము కట్టిన మగవానిని గూర్చి మనస్సున నుంచుకొనుడని ముందు నేనన్నది ఇందుకే.

సావిత్రిగారి నటనకు అంతటి పేరు వచ్చుటకును ఇదియే కారణమని నా తలంపు. సురభి రంగమున గాని, తెరపై గాని, ఆ పాత్ర ధరించు స్త్రీ చేయవలసిన పని కష్టమైనది. ఆమె స్త్రీ; స్త్రీవలె నటించు రాక్షసునివలె నటింపవలెను. సావిత్రిగారికి అప్పటికి చిన్న ప్రాయమే. పాట నడుమ సిగ్గుపడుచున్న కన్నియ చటుక్కున ఱొమ్ము విఱిచి అడుగువేయును; మరల సర్దుకొని తలవంచును. చూచువారు ఇది రాక్షసుని పొరపాటని నవ్వుదురు. నేను మాత్రము చూచినప్పుడెల్ల అది రాక్షసుని నడకయా, లేక తలవంచి తలవంచి విసిగిన ఆడపిల్ల నడకయా యని సందేహింతును.

మేనరికమే మంచిదని నేను వాదించుచున్నానని యెవ్వరును తలపవలదు. దగ్గఱి రక్తసంబంధముల వలన బిడ్డలకు కొన్ని జబ్బులు సంక్రమించు ముప్పు హెచ్చని వైద్యులు చెప్పుదురు. బావను చేసికొనియుండినచో పిన్ని సుఖపడెడిదనియు నేననను. మా బాబాయిగారు నెమ్మదస్తులు. ఆమె సంసారము చక్కగనే సాగినది. ఆ బావగారును ఉన్న పొలమమ్మి ఋణము తీర్చి, పట్టణమున చిన్న యుద్యోగములో కుదురుకొనిరి. నేననునది ఒక్కటే: ఎవరికిచ్చిరను దానికన్న, అడిగియిచ్చిరా యనునది పెద్దమాట.

ఈ కథ నెఱిగినవారికి మఱియొక సంగతియు తెలియును. కురుక్షేత్రమున పదుమూడవనాడు అభిమన్యుడు పద్మవ్యూహమున కూలును. మఱునాటి రాత్రి కర్ణుని శక్తికి ఘటోత్కచుడును కూలును. కాని మాయాబజారు చూచు నవ్వ ఎవ్వతెయు ఆ మాట పైకి తీయదు. పెండ్లి కాగానే తెరదించుటయే ఈ కథకు మర్యాద. అబద్ధము చెప్పుకొనుట కాదది. ఎడతెగని కష్టములలో ఒక్కపూట నవ్వుటకు వారు తీసికొన్న హక్కు. తెల్లదోమ తినివేసిన చేను ఇంటికడ నుండగా కోటప్పకొండలో తెల్లవార్లు నవ్విన తల్లులను నేను చూచితిని. హాస్యమునకు భయానకకరుణములు విరోధులని వ్రాసిన శాస్త్రకారుడు ఆ చాపలపై ఒక్కనాడును కూర్చుండలేదేమో!

ప్రత్తియు మిరపయు పండు ఈ మైదానమున ధరలు లేచినపుడు సంబంధములు లేచుట, పడినపుడు పడుట నేటికిని మానలేదు. 2021-22లో మిరపపై క్రొత్త తామరపురుగు వచ్చి చేలు మాడిపోయిన యేడు మా చుట్టాలలోనే రెండు నిశ్చితార్థములు వెనుకకు పోయినవి. ఆ యేడే పిన్ని మనుమరాలికి మంచి సంబంధము వచ్చినది. మధ్యవర్తి కూర్చుండగనే కొడుకు, కోడలు ఔనన సిద్ధమైరి. పిన్ని మాత్రము కాఫీగ్లాసు అతని చేతికిచ్చి, "పిల్ల లోపల చదువుకుంటోంది. దాన్నడిగి రేపు కబురు చేస్తాం" అని చెప్పి పంపివైచెను. పిల్ల ఇప్పుడు వద్దనెను. ఆ కబురే పోయినది. కోడలు మూతి ముడుచుకొన్నమాట నిజమే. రెండుదినములలో అదియు సర్దుకొన్నది.

సోదరీమణులారా! ఈసారి మాయాబజారు చూచునపుడు మీ కూతుండ్రను, మనుమరాండ్రను దగ్గఱ కూర్చుండబెట్టుకొనుడు. లడ్డులు తమంత తామెగిరి ఘటోత్కచుని నోట పడునపుడు అందఱు కలిసి నవ్వుడు. పెండ్లిపీటల ఘట్టము రాగానే మాత్రము తెరవైపు గాక, ఒక్క క్షణము ఆ పిల్ల మొగమువైపు చూడుడు. ఆమె నవ్వు ఎట్టిదో తల్లులకు తెలియకపోదు. తెలియనిచో అడుగుడు. అడిగిన యింటికి ఘటోత్కచుడు రావలసిన పని యుండదు.